సోఫాలో దొరికిన అద్దెవాడు

ఐదింటికి తీసుకొస్తానంది. ఇప్పుడు నాలుగు కూడా కాలేదు, అయినా అన్నం తిన్నప్పటి నుంచీ తలుపు వైపు చెవి పెట్టుకుని ఇనప కుర్చీలో కూర్చున్నాను. కాస్త కదిలితే కుర్చీ కిర్రుమంటుంది, ఆ కిర్రు నాలుగు గోడలూ తిరిగి మళ్ళీ నా దగ్గరికే వస్తుంది. మెత్తటివన్నీ తీసేస్తే ఇల్లు ఇలా ఎదురు మాట్లాడుతుందని నాకే తెలీదు, ఇరవై రెండేళ్ళుగా మెత్తటివాటి మధ్య బతుకుతున్నవాణ్ణి. సోఫాలు బాగుచేస్తాను. చినిగిన గుడ్డ విప్పి, కుంగిన స్ప్రింగులు మార్చి, కొత్త స్పాంజి పెట్టి, కొత్త గుడ్డ తొడుగుతాను. షాపులో అందరూ స్ప్రింగు మేస్త్రీ అంటారు, సరదాగా ఉన్న రోజుల్లో మా ఆవిడా అలాగే అనేది. అలాంటి మేస్త్రీ ఇంట్లో ఇవాళ నడుం ఆనించుకోడానికి ఒక కుషన్ లేదు. నవ్వొస్తోంది గానీ, నవ్వితే అది కూడా తిరిగొచ్చి వినపడుతుందని ఊరుకున్నాను.

వాళ్ళమ్మ తీసుకొచ్చేది మా మిడతని. దానికి తొమ్మిదేళ్ళు. బడిలో వేరే పేరుంది, నాకు మాత్రం మిడతే, నడక రాగానే నేను విప్పి పెట్టిన స్ప్రింగుల మీద ఎగరడం మొదలుపెట్టింది కాబట్టి. ఇప్పుడు వాళ్ళమ్మతో, వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఉంటుంది. వారం విడిచి వారం, ఆదివారం నా దగ్గరికి వస్తుంది. ఇవాళ రాత్రికి కూడా ఉంటుంది, ఉండగలిగితే. ఉండగలిగితే అన్న మాట నాది కాదు, వాళ్ళమ్మది. మొన్న ఫోన్లో అంది. పెళ్ళయిన కొత్తలో ప్రతి మాటకీ ముందు ఏమండీ ఉండేది. ఇప్పుడు ఆ ఏమండీ లేదు, దాని బదులు ఇంకో పిలుపూ లేదు, మాట నేరుగా మధ్యలోంచి మొదలవుతుంది. "మీ ఇంట్లో దానికి ఊపిరాడటం లేదు. పోయినసారి ఆస్పత్రిదాకా వెళ్ళాం. ఈసారి కూడా అలాగే అయితే ఇక పంపను. మీకు చూడాలనిపిస్తే మీరే వచ్చి మా అక్కావాళ్ళ హాల్లో చూసి వెళ్ళండి." కోపంగా అనలేదు, అదే నాకు భయం. కోపం అయితే రెండు రోజులకి దిగుతుంది. ఆ హాలు నాకు బాగా తెలుసు. అందులో ఉన్న సోఫా నేను కుట్టిందే, రెక్సిన్ వేశాను, ఎడం పక్క స్ప్రింగు వదులుగా ఉంటుంది. ఆ వదులు స్ప్రింగు మీద చుట్టంలా కూర్చుని, టీ కప్పు పట్టుకుని, నలుగురూ చూస్తుండగా నా కూతుర్ని బడి ఎలా ఉందమ్మా అని అడగాలి. గంట కాగానే గడియారం చూసి నేనే లేవాలి, వాళ్ళు లేవమనకముందే.

అందుకే ఇల్లంతా ఊడ్చిపెట్టాను. అలర్జీ డాక్టరమ్మ ఇచ్చిన కాగితం గోడకి అంటించి, ఒక్కో వరుసా చేసి, పక్కన పెన్నుతో టిక్కు పెట్టాను. పరదాలు తీసేశాను. తివాచీ తీసేశాను. పరుపుకీ దిండుకీ జిప్పున్న కవర్లు తొడిగాను, దుప్పట్లు మరిగే నీళ్ళలో ఉడకబెట్టి ఎండలో ఆరేశాను. బాత్రూం గోడకి చెమ్మ ఉంటే గీకి సున్నం వేశాను, దుమ్ములో ఉండే పురుగులకి చెమ్మంటే ప్రాణమట. మెత్తటి బొమ్మలు ఉంటే తీసేయండి అని ఉంది. దాని పుట్టినరోజుకి కొన్న ఎలుగుబంటిని కవర్లో కట్టి షాపులో పెట్టొచ్చాను, టిక్కు పెట్టాను. ఆఖరికి నా సోఫా. ఈ ఇంటికి వచ్చిన ఏడాది నా చేత్తో నేను కుట్టుకున్న సోఫా, మెడ ఎక్కడ ఆనాలో, మోకాలు ఎక్కడ మడవాలో నా కొలతలకి చేసుకున్నది. కింది వాటాలో ఉండే టైలరుకి ఇచ్చేశాను. మెట్ల మీద ఒక కొస ఆయన, ఒక కొస నేను. ఇల్లు మారుతున్నారా మేస్త్రీ అని అడిగాడు. లేదు, కూతురు వస్తోంది అన్నాను. చుట్టాలు వస్తే జనం కుర్చీలు తెచ్చుకుంటారు, మీరేంటండీ ఉన్నవి ఇచ్చేస్తున్నారు అన్నాడు. మంచివాడే. సాయంత్రాలు ఆయన నా సోఫాలో కూర్చుని గుండీలు కుట్టుకోవడం మెట్లు దిగుతుంటే కనపడుతుంది, నేను తల తిప్పేసుకుంటాను.

డాక్టరమ్మ చెప్పినప్పుడు ముందు నమ్మలేదు. మిడత చేతి మీద వరసగా చిన్న చిన్న చుక్కలు వేసి, ఒక్కో చుక్క మీదా సూదితో గుచ్చింది, ఒక్కోదాంట్లో ఒక్కో మందు. గోక్కోకూడదు, పావుగంట ఆగాలి అంది. ఆ పావుగంటా మిడతకి ఈ పక్క నేనూ, ఆ పక్క వాళ్ళమ్మా దాని చేతులు పట్టుకుని కూర్చున్నాం. దాని మూలాన మేమిద్దరం అంత దగ్గరగా కూర్చున్నది అదే ఆఖరు. ఒక్క చుక్క మాత్రం లేచింది, ఎర్రగా, శనగగింజంత. డస్ట్ మైట్స్ అంది డాక్టరమ్మ. దుమ్ములో ఉండే పురుగులు, కంటికి కనపడవు, కుట్టవు, మన ఒంటి మీద నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతాయి. పరుపుల్లో, దిళ్ళలో, సోఫాల్లో ఉంటాయి. వాటి రెట్ట గాల్లో లేచి లోపలికి పోతే ఈ పిల్లకి పిల్లికూతలు వస్తున్నాయి. సోఫాల్లో అనగానే మిడత వాళ్ళమ్మ నా వైపు చూసింది. చూపు తప్ప ఏమీ లేదు అందులో, అయినా నాకు తగిలింది. నేను ఊరుకోకుండా, సోఫా లోపల ఏముంటుందో నాకు తెలీదా అమ్మా, రోజూ విప్పేవాణ్ణి కదా అన్నాను. డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుని, అయితే ఇంటికి రాగానే మీరు ముందు స్నానం చేసి బట్టలు మార్చుకోండి అంది. నోటి దురద ఊరికే పోదు కదా.

చేస్తున్నాను స్నానం. షాపు బట్టలు షాపులోనే వదిలి వస్తున్నాను. ఇవాళ మూడుసార్లు చేశాను, ఒళ్ళు పొడిబారి తెల్లగా గీతలు పడుతోంది, ఆ పొట్టు కూడా వాటికి భోజనమే అని గుర్తొచ్చి కొబ్బరినూనె రాసుకున్నాను. మిడత మంచం దగ్గర పెట్టిన మిషన్ పచ్చగా వెలుగుతోంది. అరచేతిలో పట్టేంత డబ్బా, గాల్లో దుమ్ము ఎంతుందో చూపిస్తుంది. తెలిసిన ఏసీ మెకానిక్ అరువిచ్చాడు. అన్నా, ఇది పురుగుల్ని చూపించదు, లేచిన దుమ్మునే చూపిస్తుంది, పచ్చగా ఉంటే మంచిది, పసుపు అయితే కిటికీ తియ్యి, ఎర్రబడితే బయటికి నడువు అన్నాడు. మూడు రోజులైంది తెచ్చి. ఇంట్లో నేను కాక వెలిగేదీ మారేదీ అదొక్కటే కావడంతో దాంతో మాటలు కలిశాయి. పొద్దున్నే ఎలా ఉంది అంటాను, పచ్చగా ఉంటుంది. సరే మరి వెళ్ళొస్తా అంటాను. మనిషికి మాట్లాడటానికి ఎవరూ లేకపోతే ఇలాగే అవుతుందేమో, ఎవరికీ చెప్పొద్దు.

నీకు తోడు అద్దెవాడు ఉన్నాడు కదా అంటుంది మిడత. వాడి సంగతి చెప్పాలి. మా పనిలో ఒక అలవాటుంది, పాత సోఫా విప్పేముందు చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టి సందులన్నీ వెతుకుతాం. కత్తెర దేనికి తగులుతుందో తెలీదు కాబట్టి. ఎన్నేళ్ళ నుంచో జారిపోయినవన్నీ దొరుకుతాయి. తాళంచెవులు, జడపిన్నులు, చదరంగంలో తెల్ల మంత్రి, కళ్ళజోడు కాడ, ఒకసారి ఎవరిదో పాలపన్ను. విలువైనవి ఇంటివాళ్ళకి ఇచ్చేస్తాను, మిగతావి పడేయండి అంటారు, ఆ పడేయండి అన్నవి మిడతకి తెస్తాను. మూడేళ్ళప్పటి నుంచీ ఇదే ఆట. గుమ్మంలోనే, నాన్నా ఈసారి సోఫా ఏమిచ్చింది అంటుంది. ఒకసారి సోఫా ఒక కుందేలుని ఇచ్చింది. జానెడు గుడ్డ కుందేలు, ఒక కన్ను లేదు, ఎన్నేళ్ళు ఆ చీకట్లో ఉందో, బూడిదరంగుకి తిరిగిపోయింది. ఇంటావిడ చూసి, అయ్యో అది ఎవరిదో మా ముందువాళ్ళది, పడేయండి అంది. మిడత దాన్ని చేతిలోకి తీసుకుని, పాపం వీడు అద్దె కూడా కట్టకుండా ఇన్నాళ్ళూ ఆ సోఫాలో ఉన్నాడు అంది. అప్పటి నుంచి వాడు అద్దెవాడు. వాళ్ళిద్దరూ వెళ్ళిపోయిన రోజున ఆటోలో అన్నీ ఎక్కించాక మిడత మళ్ళీ మెట్లెక్కి వచ్చి వాణ్ణి నా చేతిలో పెట్టింది. నువ్వు ఒక్కడివే ఉంటావు కదా, వీడు నీకు తోడుంటాడు, నేను వచ్చినప్పుడు నాకియ్యి, చాలు అంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, నలభై ఆరేళ్ళవాణ్ణి, అది లేని రాత్రుళ్ళు ఆ కుందేలు నా చెంప కింద ఉంటుంది. మిడత జుట్టు నూనె వాసన కొంచెం ఉంటుంది వాడి చెవుల దగ్గర, పోతుందని ఎప్పుడూ ఉతకలేదు.

నాలుగుంపావు. లేచి మిడత గదిలోకి వెళ్ళి అద్దెవాణ్ణి దిండు మీద కూర్చోబెట్టాను, వచ్చీ రాగానే అక్కడికే పరిగెడుతుంది. వాడు ఒక పక్కకి ఒరిగిపోయాడు. చేతులకి పని అలవాటు ఎక్కడికి పోతుంది, ఏ కుషన్ అయినా కుట్టడం అవగానే రెండు చేతులా రెండు దెబ్బలు వేస్తాం, లోపలిది సర్దుకోడానికి. వాడి పొట్ట మీదా అలాగే వేశాను, ఒకటి, రెండు. పరదా లేని కిటికీలోంచి ఎండ ఏటవాలుగా మంచం మీద పడుతోంది. ఆ ఎండలో దుమ్ము లేచింది. సన్నగా, తీరుబాటుగా, ఎక్కడికీ తొందర లేనట్టు. మిషన్ పసుపు అయింది. నేను చూస్తూనే ఉన్నాను, ఎర్రబడింది.

మిషన్ పాడైందనుకున్నాను. వాణ్ణి తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చాను, కాసేపటికి పచ్చబడింది. తెచ్చి మళ్ళీ ఒక్క దెబ్బ, మెల్లగా, ఎర్రబడింది. ఇంకోసారి చేయడానికి చెయ్యి రాలేదు. ఇనప కుర్చీ కూడా లేదు అక్కడ, గచ్చు మీద కూర్చుండిపోయాను. పోయినసారి వచ్చినప్పుడు ఏం చేసింది అది? చెప్పులు విప్పి, అద్దెవాణ్ణి ఎత్తుకుని, మొహం వాడి పొట్టలో పెట్టి, పదిహేను రోజుల ముచ్చట్లు అన్నీ వాడికే చెప్పింది. గంటలో ఈల మొదలైంది, రొమ్ము ఎగిరెగిరి పడింది, పీల్చే మందు రెండుసార్లు కొట్టినా ఆగలేదు. అంతకు ముందుసారీ అంతే. వాళ్ళ పెద్దమ్మ ఇంట్లో ఒక్కసారి కూడా రాలేదు, ఎందుకు రాలేదంటే అక్కడ అద్దెవాడు లేడు, నాకు తోడుగా ఇక్కడ వదిలి వెళ్ళింది కదా. గోడ మీద కాగితం చూశాను. మెత్తటి బొమ్మలు, టిక్కు. ఎలుగుబంటి గుర్తొచ్చింది, వీడు గుర్తు రాలేదు. వీడు బొమ్మ అని నాకు తోస్తేగా. పరదాలు పీకి, సోఫా దానం చేసి, గోడలు గీకి, దొంగకి తాళం ఇచ్చి పక్కలో పడుకోబెట్టుకున్నాను. అయినా దొంగ వాడేమిటి, వాడి పొట్ట నిండా తిండి పెట్టింది నేను, ప్రతి రాత్రీ నా చెంప పొట్టు. నా ఒంటరితనం తిని పెరిగినవి నా పిల్ల ఊపిరికి అడ్డం పడ్డాయి. ఇంతకన్నా దరిద్రం ఉంటుందా?

దాచేద్దామనుకున్నాను. షాపులో మరిచిపోయి వచ్చానమ్మా అంటే సరిపోతుంది. కానీ దానికి నేను ఇంతవరకూ అబద్ధం చెప్పలేదు, అమ్మ ఎందుకు వెళ్ళిపోతోంది అని అడిగినప్పుడు కూడా, నీ ఊపిరి కోసం మొదలైంది, తరవాత మా మాటలు కూడా అడుగంటాయి అనే చెప్పాను, దానికి అర్థమైనంత అర్థమైంది. మరి పడేద్దామా? ఎవరో పడేయండి అంటే తెచ్చినవాణ్ణి నేను పడేయడమా? నాలుగున్నర అయింది. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, కత్తెర తెచ్చుకున్నాను.

బాల్కనీలోకి వెళ్ళి, ముక్కుకి గుడ్డ కట్టుకుని, వాణ్ణి ఒళ్ళో బోర్లా వేసుకున్నాను. మా పనిలో కుట్టు చూస్తే మనిషి తెలుస్తాడు. వీపు మీద కుట్టు మిషన్ది, సన్నగా ఉంది. చంక దగ్గర మాత్రం చేతికుట్టు, నీలం దారం, దూరం దూరంగా, ఒకచోట ముడి పడి మళ్ళీ మొదలు. ఎవరో ఒకసారి చినిగితే కుట్టారు, కుట్టడం రాని మనిషి, అయినా కుట్టారు. ఎవరి పిల్ల కోసమో. ఆ నీలం దారం తెగకుండా వీపు కుట్టు విప్పాను. లోపల రంపపు పొట్టు, దూది, పొడిపొడిగా రాలిపోయే పాత స్పాంజి. అంతా కవర్లోకి దులిపి మూతి బిగించాను. కింది చెత్తడబ్బాలో వేసి పైకి వస్తుంటే టైలరు నా సోఫాలోంచి తల ఎత్తి, వచ్చేసిందా అమ్మాయి అన్నాడు, ఇంకా లేదన్నాను. నీళ్ళు అప్పటికే మరుగుతున్నాయి. వాడి గుడ్డ తోలు ఒక్కటే మిగిలింది, అరచేతి మీద పెడితే రుమాలంత కూడా బరువు లేదు. వెయ్యబోయే ముందు చెవుల దగ్గర ముక్కు పెట్టబోయాను. గుడ్డ కట్టుకుని ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది, విప్పలేదు, అలాగే వేసేశాను. నీళ్ళు నల్లబడ్డాయి. పారబోసి మళ్ళీ మరిగించాను, మూడోసారికి తేటపడ్డాయి. వాడి అసలు రంగు లేత పసుపు అని ఇన్నేళ్ళకి తెలిసింది. ఏడ్చాను, కొంచెంసేపు. పొయ్యి దగ్గర ఆవిరి కదా, ఎవరూ చూడకపోయినా ఆవిరి అని చెప్పుకున్నాను.

గంట మోగింది, ఐదుకి రెండు నిమిషాలు తక్కువ. చేతులు తడిగానే తలుపు తీశాను. మిడత నా నడుముకి ఒక్కసారి చుట్టుకుని, వదిలి, గదిలోకి పరిగెత్తింది. వాళ్ళమ్మ గుమ్మం దాటలేదు. ఖాళీ హాలు, ఖాళీ గోడలు, ఒక్క ఇనప కుర్చీ చూసింది. సోఫా ఏదని అడగబోయి ఆగిందని నాకు తెలిసింది. లోపల్నుంచి మిడత, నాన్నా అద్దెవాడేడీ అంది. బాల్కనీలో ఉన్నాడు రా అన్నాను. తీగ మీద రెండు చెవులకీ రెండు క్లిప్పులు పెట్టి వేలాడదీశాను, వీపు తెరుచుకుని, నీళ్ళు కారుతూ. మిడత చూసింది. ఏడుస్తుందని చేతులు తుడుచుకుని సిద్ధంగా నిలబడ్డాను, ఏడవలేదు.

"నేనే విప్పాను. నీకొచ్చే పిల్లికూతలు వాడి పొట్టలోంచే వస్తున్నాయమ్మా. నాకూ ఇందాకే తెలిసింది."

వెనక వాళ్ళమ్మ చెప్పులు విప్పిన చప్పుడైంది. మిడత మునివేళ్ళ మీద లేచి తడి చెవి అందుకుని ముక్కుకి ఆనించుకుంది. వద్దని చెయ్యి చాపాను. పీల్చింది. నేను ఊపిరి బిగబట్టి విన్నాను, దాని వెనక వాళ్ళమ్మా అలాగే వింటోంది, ఇద్దరం ఒకే పని చేసి ఎన్నాళ్ళయిందో. ఈల లేదు. మళ్ళీ పీల్చింది. లేదు.

నీ వాసన పోయింది నాన్నా అంది. పోయిందమ్మా అన్నాను. నేను దాని వాసన కోసం దాచుకుంటే అది నా వాసన కోసం వెతుక్కునేదని నాకేం తెలుసు. కొత్త స్పాంజి పెట్టి కుడతాను, నీలం దారం అలాగే ఉంచాను చూడు అన్నాను. చూసింది, వేలితో ముడి తడిమింది. వాళ్ళమ్మ దగ్గరికొచ్చి, తోలుని క్లిప్పుల్లోంచి తీసి, గట్టిగా పిండి మళ్ళీ పెట్టింది, నీళ్ళు ధారగా కారాయి. సంచీ మిడత మంచం పక్కన పెట్టింది. పొద్దున తొమ్మిదింటికి వస్తాను, మందు పై అరలో ఉంది అంది. మెట్లు దిగుతున్న చప్పుడు కింద టైలరు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, మళ్ళీ సాగింది. ఆ సోఫాని ఎక్కడ చూసినా గుర్తుపడుతుంది మరి.

మిడత ఇంకా తీగ కిందే ఉంది. రేపటికి ఎండుతాడా అని అడిగింది. గుడ్డ మందం, రెండు రోజులు పట్టొచ్చు అన్నాను. కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకుంది.

"ఇవాళంటే నేనున్నాను. మరి రేపు నీకు తోడెవరు?"

ఎండుతాడులే అన్నాను. పరదా కూడా లేని ఇల్లు, ఆ మాట గోడకి తగిలి మళ్ళీ నా దగ్గరికే వచ్చింది, మిడత కూడా విన్నట్టుంది, వచ్చి నా చెయ్యి పట్టుకుంది.